ఇంగుండ్ కథ పట్టుకుని చీమకుర్తికి

బ్రాడీపేట

గుంటూరులో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు చీమకుర్తిలో దిగొచ్చు. నాకు మాత్రం రెండు రోజులు పట్టింది. దారి తెలియక కాదు. అక్కడికి వెళ్లి ఏం మాట్లాడాలో తేల్చుకోలేక, కావాలనే చుట్టూ తిరిగి వెళ్లాను. చీమకుర్తి చూడాలని ఎవరూ ప్రయాణం కట్టరు కాబట్టి, చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో వారానికి నాలుగు క్లాసులు చెబుతున్నాను. దానికి తోడు దూరవిద్య విద్యార్థులకు ఒక పాఠం రాసిమ్మన్నారు. రోమ్ సామ్రాజ్యం పశ్చిమాన కూలిపోయాక ఆ నేలను పంచుకున్న గోతులు, ఫ్రాంకులు అనే జాతుల రాజుల గురించి ఆ పాఠం. ఇరవై పేజీలు చాలన్నారు. మూడు నెలలైనా నాకు ఏడో పేజీ దాటలేదు. థియోడరిక్ అనే పేరుతో గోతుల్లోనే ముగ్గురున్నారు. ఫ్రాంకుల్లో దాదాపు అదే పేరుతో ఇంకొందరు. ఎవడు ఎవడి మామో, ఎవడు ఎవణ్ణి చంపాడో గోడకు కాగితం అంటించి గీతలు గీసుకున్నాను. రెండు రోజుల తర్వాత చూస్తే నేను గీసిన గీతలే నాకు అర్థం కాలేదు.

వాళ్ల మతం తగాదా మాత్రం చప్పున అర్థమైంది, ఎందుకంటే అది మా ఇంట్లోకే వచ్చింది. గోతులు క్రైస్తవులే, కానీ కుమారుడు తండ్రికంటే తక్కువ అనే శాఖవాళ్లు. రోమ్ వాళ్లు అది తప్పనేవారు. ఫ్రాంకుల రాజు క్లోవిస్ విగ్రహారాధన మాని రోమ్ వాళ్ల పక్షాన చేరాడు. గోతుల శాఖనుంచి ఎవరైనా వస్తే ఫ్రాంకుల దేశంలో నూనె మాత్రం రాసి చేర్చుకునేవారు. ఫ్రాంకులనుంచి వెళ్లినవాళ్లకు మాత్రం గోతులు మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారు. మొదటిది లెక్కలోకి రాదన్నమాట.

మేం లూథరన్లం. పసిపిల్లల తలమీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తాం. మా అమ్మాయి హెప్సికి ఇచ్చింది మా నాన్నే. ఆయన నరసరావుపేట పక్క ఒక పల్లెలో పాస్టరు. హెప్సి తలమీద మూడు దోసిళ్లు పోసిన నాలుగు నెలలకు పోయారు. ఆయన ఇచ్చిన చివరి బాప్తిస్మం అదే. ఇప్పుడు హెప్సి విజయవాడలో నర్సు. అక్కడే ఫార్మసీలో పనిచేసే ప్రేమ్ అనే అబ్బాయిని ఇష్టపడింది. నాకూ నచ్చాడు. వాళ్లది చీమకుర్తి, బాప్టిస్టులు. పెళ్లికి ముందే, ఈ ఆదివారం నీళ్లలో ముంచి మళ్లీ బాప్తిస్మం ఇస్తామంటున్నారని, తను సరేనన్నానని హెప్సి ఫోన్‌లో చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. మా నాన్న పోసినవి నీళ్లు కావా? బాప్తిస్మం మళ్లీ అంటే పెళ్లే వద్దని వాళ్ల మొహంమీద చెప్పి వద్దామనుకున్నాను. నువ్వు వెళ్లొద్దమ్మా, నేను సర్దుకుంటాను అని హెప్సి రెండుసార్లు బతిమాలింది. నేను వినలేదు. బుధవారం పొద్దున నోట్సు పుస్తకం సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

చిలకలూరిపేట మీదుగా

ఫిబ్రవరి నెల. చిలకలూరిపేట దాటి పర్చూరు రోడ్డు పట్టాక రెండువైపులా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పత్తి చేలు చివరి తీతకు వచ్చి, మోళ్లకు అక్కడక్కడ తెల్లటి పీచు వేలాడుతోంది. బస్సు కిటికీలకు అద్దాలు లేవు. ఒక కళ్లం పక్కన గాలి తిరిగి ఘాటు లోపలికి కొట్టేసరికి పదకొండు తుమ్ములు తుమ్మాను. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, మిరపకాయకు తుమ్మడమేంటని నాకే సిగ్గేసింది.

పక్క సీట్లో ఒకామె నీళ్ల సీసా అందించింది. పేరు సువార్తమ్మ, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. వేళ్లు మండకుండా పొద్దున్నే ఆముదం రాసుకుంటారట. నేను ఒళ్లో పుస్తకం తెరిచి ఉండటం చూసి, ఏం చదువుతున్నారని అడిగింది. క్లోవిస్ కథ చెప్పాను. యుద్ధంలో ఓడిపోతూ, గెలిపిస్తే నీ భార్య దేవుణ్ణే కొలుస్తానని మొక్కుకున్నాడు. గెలిచాడు. బాప్తిస్మం తీసుకున్నాడు, తనతో పాటు మూడు వేలమంది సైనికులు కూడా తీసుకున్నారని రాశారు.

"రాజుగారు మునిగితే వాళ్లు మాత్రం ఒడ్డునెట్టా నిలబడతారండీ" అంది సువార్తమ్మ.

వాళ్ల పాలెంలోనూ అలాగే జరిగిందట. పెద్దలు తీర్మానం చేసుకున్నారు, ఊరంతా వాగుకు వెళ్లింది. వాళ్ల నానమ్మ ఎందుకు నిలబడిందో తెలియకుండానే వరసలో నిలబడింది. పాస్టరుగారు అలసిపోయి, వరసలో ముందున్న ఏడుగురికీ రూతమ్మ అనే పేరు పెట్టారు. ఆ వీధిలో చాలాకాలం రూతమ్మా అని పిలిస్తే ఏడు తలుపులు తెరుచుకునేవట. నా ముగ్గురు థియోడరిక్‌లు గుర్తొచ్చి గట్టిగా నవ్వాను. మరి మీ నానమ్మకు ఆ బాప్తిస్మం ఏమైనా పట్టిందా అని అడిగాను. చనిపోయేదాకా రోజూ పొద్దున ప్రార్థన చేసేదనీ, అర్థం మాత్రం ఎవరినీ అడగలేదనీ చెప్పింది. తెలియకుండా తీసుకున్న బాప్తిస్మం చెల్లుతుందనడానికి ఇది సాక్ష్యమో, చెల్లదనడానికి సాక్ష్యమో నాకు తేలలేదు. పర్చూరులో ఆమె దిగిపోయింది.

చీరాల

చీరాలలో నా పాత సహోద్యోగి ఇంట్లో ఆ రాత్రికి ఆగాను. సాయంత్రం మగ్గాల వీధిలో చీర కొందామని వెళ్లాను. పెళ్లి వద్దని చెప్పబోతూ పెళ్లిచీర కొనడమేంటని అడక్కండి. నా బుర్ర అప్పుడు ఆ స్థితిలో ఉంది.

మా పెళ్లికూతుళ్లు తెల్లచీర కడతారు. కొట్టాయన తెల్లచీర అనగానే, పెళ్లికా బాప్తిస్మానికా అని అడిగాడు. ఆయన హిందువు, నుదుట బొట్టుంది. అయినా మా సంగతులు మాకంటే బాగా తెలుసు. పెళ్లికైతే జరీ అంచు, పల్చటి నేత. బాప్తిస్మానికైతే జరీ వద్దు, నేత మందంగా ఉండాలి, తడిసినా ఒళ్లు కనపడకూడదు, బరువెక్కి కాళ్లకు చుట్టుకోనూ కూడదు. ఈ వీధిలో రెండూ వేరువేరుగా నేస్తారనీ, నెలలో బాప్తిస్మాలిచ్చే రెండో ఆదివారానికి ముందు మందం రకం బాగా అమ్ముతుందనీ చెప్పాడు. రెండూ తీసుకోండమ్మా, ఒకే ఇంట్లోకి చాలామంది రెండూ తీసుకుంటారు అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, అయినా ఆయనమీదే విసుక్కున్నాను.

క్లోవిస్ రాణి క్లోటిల్డా తొలి కొడుక్కి, రాజుకు ఇష్టం లేకపోయినా, బాప్తిస్మం ఇప్పించింది. ఆ తెల్లబట్టలు విప్పకముందే పిల్లవాడు పోయాడు. నీ దేవుడి పేరు పెట్టినందుకే పోయాడని రాజు ఆమెను తిట్టాడు. అయినా రెండో కొడుక్కి కూడా ఇప్పించింది. ఈ కథ క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ కొట్లో తెల్లచీరల దొంతర ముందు కూర్చుంటే మాత్రం భయమేసింది. రెండువేల రెండొందలు పెట్టి జరీ చీర ఒక్కటే తీసుకుని బయటపడ్డాను.

ఒంగోలు

గురువారం ఒంగోలులో బస్సు మారాలి. బస్టాండు ఎదురుగా మెస్‌లో భోజనం నూట ఇరవై. మా గుంటూరు వాళ్లం కారానికి పేరుమోసినవాళ్లమని విర్రవీగుతాం గానీ, ఇక్కడి గోంగూర పచ్చడికి నా కళ్లవెంట నీళ్లొచ్చాయి. వడ్డించే ఆయన అది చూసి అడక్కుండానే పెరుగు వేసి వెళ్లాడు.

తింటూ తింటూ, చీమకుర్తిలో చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకున్నాను. తిట్టకూడదు, కథ చెప్పాలి. అది ఇంగుండ్ అనే ఫ్రాంకుల పిల్ల కథ.

ఇంగుండ్ తల్లి గోతుల ఆడపిల్ల. ఫ్రాంకుల కోడలై వచ్చి, గొడవేమీ లేకుండా వాళ్ల శాఖలోకి మారింది. ఇంగుండ్‌కు పన్నెండో పదమూడో ఏళ్లు రాగానే తిరిగి గోతుల ఇంటికే, స్పెయిన్‌కు, కోడలిగా పంపారు. అక్కడ రాణి గోయిస్వింథా ఈ పిల్లకు సొంత అమ్మమ్మ. మా శాఖలో మళ్లీ బాప్తిస్మం తీసుకో అంది. పిల్ల ఒప్పుకోలేదు, నాకు ఒకసారి చాలు అంది. ముసలామె జుట్టు పట్టి కిందపడేసి, రక్తం కారేదాకా తన్ని, బట్టలు ఊడదీయించి నీళ్ల తొట్టిలో తోయించింది. పిల్ల మాట మార్చలేదు. తర్వాత భర్తనే తన వైపు తిప్పుకుంది. ఆయన తండ్రిమీద తిరగబడ్డాడు, ఆమె చివరికి పరాయి దేశంలో దిక్కులేకుండా పోయింది.

ప్రేమ్‌కు తల్లి లేదు. ఇంట్లో తండ్రి ప్రసాదరావుగారు, నానమ్మ మార్తమ్మగారు. పెత్తనమంతా ఆ నానమ్మదేనని హెప్సి ఎప్పుడో చెప్పింది. నా కథలో గోయిస్వింథా ఎవరో అప్పటికే ఖాయం చేసేసుకున్నాను.

చీమకుర్తి

ఊరు ఇంకా రాకముందే లారీలు మొదలయ్యాయి. ఒక్కో లారీమీద ఒక్కటే రాయి, గది అంత ఉంటుంది, గొలుసులు వేసి బిగించి ఉంటుంది. నేను తొందరపడి ఒక స్టాపు ముందే దిగిపోయి, ఆ లారీల పక్కన మైలు దూరం నడిచాను. రాళ్లు కోసే షెడ్లనుంచి లేచిన పొడి, లారీలు లేపిన దుమ్ము కలిసి తలనుంచి కాళ్లదాకా పేరుకుంది. వాళ్ల వాకిట్లో నిలబడేసరికి నేను ముగ్గుపిండి మూటలోంచి లేచొచ్చినట్టున్నాను.

మార్తమ్మగారు పొట్టిమనిషి, ఎనభై దాటి ఉంటాయి. నన్ను చూసి పలకరింపు కూడా లేకుండా లోపలికెళ్లి బిందె తెచ్చింది. ముందు ఒంగోమని, తలమీద చెంబులకొద్దీ నీళ్లు పోసింది. ఈ పొడి జుట్టులో గడ్డకడితే రాదట. వచ్చీ రాగానే ఈవిడ నాకే బాప్తిస్మం మొదలుపెట్టిందేంటా అనుకున్నాను. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఆమె మాత్రం తన తువ్వాలుతో నా తల గట్టిగా తుడిచి, అప్పుడు కూర్చోమంది.

ప్రసాదరావుగారు రాళ్లకు పాలిష్ పట్టే షెడ్డులో సూపర్‌వైజరు. మాట తక్కువ. నల్లరాతిలో బంగారు రవ్వల్లాంటి చుక్కలుండే ఇక్కడి రాయి ఏయే దేశాలకు వెళ్తుందో చెప్పారు. అసలు మాట ఎత్తడానికి ధైర్యం చాలక నేను థియోడరిక్ సమాధి గురించి అడిగాను. ఇటలీలో ఉంది, గోతుల రాజుల్లో గొప్పవాడిది. పైకప్పు ఒకే రాయి, రెండు మూడొందల టన్నులుంటుందంటారు. పైకి ఎలా చేర్చారో ఎవరికీ తెలియదు.  "ఎత్తరండీ" అన్నారు ఆయన. చుట్టూ మట్టి కట్ట పోసి, వాలుమీద లాగి, తర్వాత మట్టి తీసేస్తారట. మరి లోపల ఏముందని అడిగారు. ఎర్రరాతి తొట్టి ఒకటుంది, శవం ఎప్పుడో మాయమైపోయిందని చెప్పాను. తొట్టి అనగానే ఆయన ముఖం వెలిగింది. వాళ్ల చర్చి వెనక బాప్తిస్మపు తొట్టి కూడా రాతిదేనని, షెడ్లలో పనిచేసే సంఘంవాళ్లంతా మిగిలిన పలకలు మోసుకొచ్చి కట్టుకున్నారని, రేపు చూపిస్తానని చెప్పారు.

ఇక ఆగలేకపోయాను. అన్నాలకు ముందే, నాటుకోడి పులుసు పొయ్యిమీద ఉడుకుతుండగా, ఇంగుండ్ కథ మొత్తం చెప్పేశాను. జుట్టు పట్టి లాగిన దగ్గర గొంతు పెంచి మరీ చెప్పాను.

మార్తమ్మగారు విని, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అంతమంది ఉండి, ఆ ముసల్దాని చెయ్యి ఒక్కళ్లూ పట్టుకోలేదా?" అంది.

మీరు మా అమ్మాయి విషయంలో చేస్తున్నది కూడా అలాంటిదేనని అన్నాను.  ప్రసాదరావుగారు తలొంచుకున్నారు. ఆమె మాత్రం నన్ను విచిత్రంగా చూసింది.

"మేమెప్పుడు అడిగామమ్మా? ముంపు బాప్తిస్మం లేందే మా సంఘంలో చేర్చుకోరు, నిజమే. పెళ్లయ్యాక మీ గుడికే పోతుందిలే అనుకున్నాం. నెల కిందట పిల్లే ఫోన్ చేసింది. మామ్మగారూ, నాకు మీ తొట్టిలో బాప్తిస్మం ఇప్పిస్తారా అంది. మీ అమ్మనడిగావా అన్నాను. చెబుతానంది."

పప్పులో కాలేశానంటారే, నేను నిలువునా పడ్డాను. ఎనభై ఏళ్ల మనిషిని ఆమె వాకిట్లోనే కూర్చుని రాక్షసిని చేశాను. ఆమె పోసిన నీళ్లతో తడిసిన జుట్టు ఇంకా ఆరనేలేదు. లేచి బయటికెళ్లి హెప్సికి ఫోన్ చేశాను.

వాళ్లే అడిగారని ఎందుకు చెప్పావన్నాను. అది నెమ్మదిగా చెప్పింది. "వాళ్లు అడిగారంటే నువ్వు వాళ్లమీద కోప్పడతావు. నేనే కావాలన్నానంటే తాతయ్యని కాదన్నానని ఏడుస్తావు. కోపమైతే తగ్గుతుందిలే అనుకున్నా."

తాతయ్య ఇచ్చింది నీకు చాలలేదా అని అడిగాను.

"చాలకపోవడం కాదమ్మా. అది మీ అందరికీ గుర్తుంది. నాకే గుర్తులేదు. నా నోటితో ఒప్పుకున్నది ఒక్కటైనా ఉండాలి కదా. నువ్వు వద్దంటే మానేస్తాను. చెప్పు, వద్దా?"

రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను. భోజనం దగ్గర మార్తమ్మగారికి క్షమాపణ చెప్పబోతే, ముందు తినమని నా కంచంలో కోడి కాలు వేసింది. తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. అబద్ధం చెప్పినందుకు హెప్సిమీద కోపంగా ఉంది. ఆ అబద్ధం చెప్పించింది నేనేనని తెలిసి ఇంకా బాధగా ఉంది. ఇంగుండ్‌ను మెచ్చుకుంటూ ఇన్నేళ్లు పాఠం చెప్పాను. అమ్మమ్మ ముందు ఆ పిల్ల నిలబెట్టుకున్నది తన మాట. ఇప్పుడు నా కూతురు నిలబెట్టుకుంటున్నదీ తన మాటే. ఇద్దరూ అటొకరు ఇటొకరు నిలబడి నాకు ఒకేలా కనపడుతున్నారు. నేను ఎటువైపో ఎంత ఆలోచించినా తెలియలేదు.

చర్చి వెనక

శుక్రవారం పొద్దున ప్రసాదరావుగారు చర్చికి తీసుకెళ్లారు. చిన్న చర్చి, రేకుల పైకప్పు. కింద నేల మాత్రం పెద్ద హోటళ్లలో కూడా ఉండనంత మంచి రాయి, ఒక్కో పలక ఒక్కో రకం. వెనక వేపచెట్టు పక్కన తొట్టి. నీళ్లు శనివారం సాయంత్రం పడతారట, అప్పుడు ఖాళీగా ఉంది. లోపలంతా చుక్కల నల్లరాయి, అద్దంలా పాలిష్ పట్టి ఉంది. దిగడానికి ఐదు మెట్లు. ఒక్కో పలక ఎవరు ఏ షెడ్డునుంచి మోసుకొచ్చారో ఆయన పేర్లతో సహా చెప్పుకొచ్చారు. తనది మూడో మెట్టు. నేను ఊఁ కొడుతున్నాను గానీ, ఏదీ చెవికెక్కడం లేదు. మా నాన్న గుర్తొచ్చారు. ఆయనైతే ఏమనేవారో ఊహించబోయాను, తెలియలేదు. ఆయన ఎప్పుడూ పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చారు. నాకు ఇవ్వండి అని అడిగినవాళ్లు ఆయనకు ఎదురుపడనే లేదేమో.

చెప్పులు విడిచి తొట్టిలోకి దిగాను. ఎందుకు దిగానో చెప్పలేను. మొదటి మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టుమీద పాదం సర్రున జారింది. ప్రసాదరావుగారు గభాలున వంగి నా రెక్క పట్టుకోకపోతే నడుం విరిగేది. పొడిగా ఉన్నప్పుడే ఇలా ఉంటే, నీళ్లలో, తడిచీరతో దిగితే ఎలా? ఇన్నేళ్లలో ఎవరూ జారలేదా అని అడిగాను. జారతారండీ, పాస్టరుగారు పట్టుకుంటారు అన్నారు ఆయన. తన మెట్టే జారినందుకు ముఖం చిన్నబుచ్చుకున్నారు.

అడుగుదాకా దిగి పైకి చూశాను. అంచు నా భుజాలదాకా వచ్చింది. హెప్సి నాకంటే రెండంగుళాలు పొట్టి. తనకు మెడదాకా వస్తుంది. దానికి చిన్నప్పటినుంచీ నీళ్లంటే భయం. బాపట్ల సముద్రానికి తీసుకెళ్తే మోకాళ్లలోతు దాటేది కాదు. ఆ పిల్ల తనంతట తాను ఫోన్ చేసి, ఇందులో దిగుతానని అడిగిందని అప్పుడు నిజంగా అర్థమైంది.

"మెట్లకు పాలిష్ తీయించెయ్యండి అన్నయ్యగారూ" అన్నాను. "ఉలితో గరుకు చేయించండి. అమ్మాయి జారుతుంది."

 అంత మంచి పాలిష్ చెడగొట్టడం ఆయనకు కష్టమే. మెట్లవైపు చూశారు, నావైపు చూశారు.

"ఈ ఆదివారంలోపా అండీ?" అని అడిగారు.

"ఈ ఆదివారంలోపే" అన్నాను.